వేరు కుంపటి

మా తోడికోడలు సత్యవతి పోయిన పదిహేనో రోజున, తనకూ నాకూ ఏ సంబంధమూ లేదని ఒక కంప్యూటరు తేల్చి చెప్పింది. అది అబద్ధమని అరవడానికి నాకు నోరు లేకపోయింది. దానికి ఆ అబద్ధం నేర్పింది నేనే.

సచివాలయం మా వీధి చివరే ఉంది. అక్కడికి వెళ్ళడానికి ఆ పొద్దున నేను తయారైన తీరు చూసినవాళ్ళు ఏదో పెళ్ళికి పోతున్నాననుకుని ఉంటారు. గంజి పెట్టిన నేతచీర, ముక్కుమీద కళ్ళజోడు, గుడ్డసంచిలో కాగితాలు, రెండు పెన్నులు. ఒకటి రాయకపోతే రెండోది. నాకు అక్షరాలు వచ్చింది యాభై ఎనిమిదో ఏట. కొత్త గాజులు వేసుకున్న మనిషి చేతులు ఊపకుండా మాట్లాడలేనట్టు, కనబడిన బోర్డునల్లా పైకి చదవకుండా నేను ఉండలేను. ఆ రోజు కూడా గుమ్మంలో నిలబడి గోడమీది పథకాల పేర్లన్నీ కూడబలుక్కుంటుంటే వెనక నుంచి ఎవరో, "మామ్మా, పరీచ్చ తరవాత రాద్దూగాని, ముందు దారొగ్గు" అన్నారు. లోపల బల్లల దగ్గరున్న వాళ్ళు కూడా నవ్వారు. నేనూ నవ్వాను గాని, చదువుతున్న వాక్యం పూర్తి చేశాకే జరిగాను.

సత్యవతి మరణ ధ్రువపత్రం అంతకు రెండు రోజుల ముందే చేతికొచ్చింది. అందులో తప్పులుంటే పట్టుకుందామని మూడుసార్లు చదివాను. ఒక్కటీ దొరక్క కొంచెం చిన్నబోయాను కూడా. ఇక మిగిలింది ఇల్లు. మేమిద్దరం ఉంటున్న రెండు గదుల ఇల్లు సత్యవతి పేరు మీద ఉంది. దాన్ని నా పేరుకి మార్చుకోవాలి. దరఖాస్తు తాను నింపిపెడతానని కంప్యూటరు దగ్గర కూర్చున్న అమ్మాయి చెయ్యి చాపింది. నేను ఇవ్వలేదు. "నాకు సదువొచ్చమ్మా" అని చెప్పి బల్ల చివర కూర్చుని గంటసేపు నింపాను. మృతులతో సంబంధం అన్న చోట తోడికోడలు అని గుండ్రంగా రాశాను.

ఆ అమ్మాయి చదివి, తెర మీద వెతికి, మళ్ళీ నా వంక చూసింది.

"మామ్మగారూ, తోడికోడలని ఇందులో లేదండి. భర్త, కొడుకు, కూతురు, అమ్మ, నాన్న, ఆఖర్న ఇతరులు. ఇవే ఉన్నాయి. ఇతరులని పెట్టీమంటారా?"

"ఇతరులేటమ్మా? ఒకే కుండలో కూడు తిన్నోళ్ళం."

"అదేనండి, అలా కూడా లేదు. ఆవిడ రేషను కార్డులో ఆవిడొక్కరే ఉన్నారు. మీ కార్డులో మీరొక్కరే ఉన్నారు. వేరు కాపురం, వేరు వంట అని విచారణ చేసి రాసిన రిపోర్టు కూడా ఉంది. ఇద్దరికీ పొసగదు అని కూడా రాసేరు." గొంతు కొంచెం తగ్గించింది. "ఆవిడకి పిల్లల్లేరు, భర్త లేరు. వారసులెవరూ లేరని తేలితే స్థలం గవర్నమెంటుకి పోతుందండి."

నేను కుర్చీలో కూర్చుండిపోయాను. పెన్నులు రెండూ బాగానే రాస్తున్నాయి.

ఆ ఇల్లు సత్యవతి పేరు మీదికి ఎలా వచ్చిందో చెబితే నా తెలివి ఇంకొంచెం బయటపడుతుంది. మా అత్త పోయాక అన్నదమ్ములిద్దరూ ఊళ్ళో చెరకు సాగు మానేసి, అనకాపల్లి బెల్లం మార్కెట్లో పనికి కుదిరారు. మేం నలుగురం ఒక పాకలో ఉండేవాళ్ళం. అప్పుడే ఆడవాళ్ళ పేరు మీద ఇళ్ళ స్థలాలు ఇస్తున్నారని తెలిసింది. పెద్దకోడలిని కాబట్టి పట్టా నా పేరుకే రాయించమన్నారు మా ఆయన. ఆఫీసు బల్ల మీద వేలిముద్రల నీలం సిరా డబ్బా చూడగానే నేను వెనక్కి తగ్గాను. మా నాన్న చిన్నప్పుడు నాకు నేర్పిన చదువు ఒక్కటే: తెలియని కాగితం మీద వేలు పెడితే ఆ వేలితో పాటు చెయ్యి కూడా పోతుందని. నేను చేతులు కొంగులో చుట్టుకుని నిలబడ్డాను. సత్యవతి ఏడో తరగతి దాకా చదివింది. "సదువుకున్నదానివి నువ్వే పెట్టు సంతకం. పోతే నీ సెయ్యే పోద్ది" అన్నాను. తను నవ్వి సంతకం పెట్టింది. తన చెయ్యి పోలేదు, పట్టా వచ్చింది.

మాకు పెళ్ళిళ్ళయిన కొత్తలో మా అత్తవారిల్లు తుమ్మపాల దాటాక ఒక చిన్న ఊళ్ళో ఉండేది. నేను అక్కడికి పద్నాలుగో ఏట కాపురానికొచ్చాను. ఆ ఇంట్లో దేవుడి గూడు కన్నా పొయ్యికి మర్యాద ఎక్కువ. తెల్లారకముందే లేచి బూడిద ఎత్తి, పేడా ఎర్రమన్నూ కలిపి అలికి, ముగ్గు పొడితో రెండు గీతలు గీస్తే గాని నిప్పు రాజెయ్యకూడదు. ఎండిన చెరకు పిప్పే మాకు వంటచెరకు. అది భగ్గున మండి గప్పున ఆరిపోతుంది, పక్కనే కూర్చుని తోస్తూ ఉండాలి. బెల్లం వండే రోజుల్లో పొలం వైపు నుంచి పాకం వాసన, పొయ్యిలోంచి పిప్పి పొగ, దాలిగుంటలో ఉడికే ఉలవల వాసన, మూడూ కలిసి చీరలకీ జుట్టుకీ పట్టేవి. పుట్టింటికి వెళ్తే మా అమ్మ నన్ను దగ్గరికి తీసుకుని, "ఏటే, మనిషిని పంపించేరా, బెల్లం దిమ్మని పంపించేరా?" అనేది. ఆ వాసన అప్పట్లో నాకు సిగ్గుగా ఉండేది. ఇప్పుడు మార్కెట్ పక్క నుంచి ఆటోలో వెళ్తూ ముక్కుపుటాలు ఎగరేసుకుని పీలుస్తుంటే పక్కన కూర్చున్నవాళ్ళు నాకు జలుబు చేసిందనుకుంటారు.

మా అత్త అడ్డపొగ కాల్చేది. చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని, అది ఆరకుండా, మాట ఆగకుండా ఊరందరి సంగతులూ చెప్పేది. ఊళ్ళో ఇళ్ళను ఆవిడ గడపలతో కాక పొగలతో లెక్కపెట్టేది. పొద్దున్నే అరుగు మీద కూర్చుని కప్పుల వైపు చూసి, "ఆ ఇంట రెండు పొగలు లెగుత్తన్నాయి. కోడలు ఏరు కుంపటెట్టేసినట్టుంది" అని చెప్పేది. అది చావు కబురు చెప్పే గొంతే. ఆవిడ దృష్టిలో ఒక కప్పు కింద రెండు పొగలు లేస్తే ఆ ఇంటి మగాడికి మీసం ఉన్నా లేనట్టే, ఆడదానికి నోరు ఉందనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. కుటుంబం అంటే ఏమిటని ఆవిడని ఎవరూ అడగలేదు. అడిగితే వేలెత్తి పొగ చూపించి ఉండేది. ఇప్పుడు మా వీధిలో అందరికీ గ్యాసే. ఎవరింట ఎన్ని పొయ్యిలున్నాయో ఆకాశానికి తెలియదు, కార్డులో ఏముంటే అదే కుటుంబం. ఏది సులువో నాకు తెలియదు గాని, పొగకి అబద్ధం నేర్పడం మాత్రం కష్టం.

నేను వచ్చిన అయిదేళ్ళకు సత్యవతి చిన్నకోడలుగా వచ్చింది. రేకుపెట్టెలో చీరల కింద తాడుతో కట్టిన వారపత్రికల దొంతర ఉంది. "ఇయ్యేటి, గూళ్ళలో పరుసుకోడానికా?" అన్నాను. నిజంగానే అందుకనుకున్నాను. "సదువుకోడానికప్పా" అంది. మా వైపు అక్కని అప్ప అంటాం. వచ్చిన రోజు నుంచి పోయే రోజు దాకా తను నన్ను అలాగే పిలిచింది. ఆ మధ్యాహ్నం పొయ్యి దగ్గర కూర్చుని ఒక సీరియల్ పైకి చదివింది. ఒక ప్లీడరు గారి భార్య మేడ మీంచి పడిపోతుంది. తోసేశారా, జారిందా అన్న చోట సత్యవతి పత్రిక మూసేసి, "అప్పా, ఆ అంట్లు తోమీ, మిగతాది సదువుతాను" అంది. పెద్దకోడలిని, ఇంటికి ముందొచ్చినదాన్ని, నేను అంట్లు తోమానండి. ఒక్క రోజు కాదు. ఆ ప్లీడరు గారి భార్య కోసం పదకొండు వారాలు తోమాను. ఆవిడ పడడం, కోమాలో ఉండడం, జ్ఞాపకం పోవడం, మరిదిని చూసి భర్త అనుకోవడం, చివరికి కోర్టులో నోరు విప్పడం, ఒక్కొక్క మలుపుకూ ఒక్కొక్క డేగిసా. మా అత్త ఇదంతా చూసి, "సిన్నదాన్ని సూసి నేర్సుకో, దాని సేతిలో ఏటుందో గాని పెద్దది కుక్కపిల్లలా పనిసేత్తంది" అని ఊరంతా చెప్పుకుంది.

సత్యవతి కళ్ళకు శుక్లాలు వచ్చి చదవలేకపోయిన ఏడాదే నాకు అక్షరాలు వచ్చాయి. అప్పటికి మగవాళ్ళిద్దరూ పోయారు, పిల్లలు ఇద్దరికీ లేరు, టీవీ పాడైంది. కథల్లేకుండా తనకు పొద్దు గడవలేదు. నన్ను కూర్చోబెట్టి, పళ్ళెంలో బూడిద పోసి, వేలితో గీయించింది. కళ్ళు సరిగా కనబడని మనిషి కళ్ళున్న మొద్దుకి నేర్పింది. ళ అనే అక్షరం దగ్గర మూడు రోజులు ఆగిపోయాను. "ఇది అచ్చరవా, జంతికా?" అంటే, "తినీకు, రాయి" అనేది. చదవడం వచ్చాక మొట్టమొదట నేను చేసిన పని ఆ రేకుపెట్టె తెరిచి ప్లీడరు గారి భార్యను వెతకడం. ఆవిడ రెండో వారంలోనే లేచి కూర్చుని కాఫీ తాగింది. కోమా లేదు, మరిది లేడు, కోర్టు లేదు. సీరియలే మూడో వారంలో అయిపోయింది. మిగతా ఎనిమిది వారాలూ ఏదో పేజీ వంక చూస్తూ సత్యవతి కల్పించింది. పత్రిక తీసుకెళ్ళి తన ఒళ్ళో పడేసి నానా మాటలూ అన్నాను. తను తీరిగ్గా విని, "సరే, ఆళ్ళ కథ బాగుందా, నా కథ బాగుందా? నిజం సెప్పప్పా" అంది. నాకు నిజం చెప్పక తప్పలేదు. ఆ తరవాత నేను చదివేటప్పుడు మంచి ఘట్టం దగ్గర ఆపి, కత్తిపీట తన ముందుకు తోసేదాన్ని. కళ్ళు బాగయ్యాక కూడా తను ఆ ఏర్పాటు మార్చలేదు.

ఇక నా నేరం. అది నాకు అక్షరాలు రాకముందు సంగతి. కాగితమంటే చిన్నప్పటి భయం పోయి, చులకన వచ్చిన వయసు. ఒక కార్డుకి ఒకే పింఛను అన్నారు. మేమిద్దరం విధవలం, కార్డు ఒకటి. "కార్డు సీల్సేద్దాం" అన్నది నేనే. సత్యవతి ఒప్పుకోలేదు.

"కాదప్పా. కాయితం మీదికెక్కిన మాట దిగదు."

"కాయితానికేటి తెలుసే? నోరుందా, కళ్ళున్నాయా?"

వేరు కాపురమంటే వేరు వంట ఉందో లేదో చూడడానికి విచారణకు వస్తారని తెలిసి, వెనక వసారాలో రెండో పొయ్యి వేశాను. మట్టి మెత్తి, దీపం మసి పూసి, పగిలిన దాక ఒకటి పైన పెట్టాను. పక్కింటి పైడమ్మకి మాట నేర్పాను. ఆమె నన్ను వదినా అంటుంది, ఇప్పుడు ఎనభైకి దగ్గరపడింది. విచారణకొచ్చిన ఆయన పొయ్యి మీద చెయ్యి పెట్టి చూశాడు. అరచెయ్యంతా తడిమట్టి. ఆయన మొహం చూసి నాకు కంగారు పుట్టింది. వేరుపడ్డ తోడికోడళ్ళు ఎలా ఉంటారో చూపిస్తే నమ్ముతాడనుకుని సత్యవతి మీదికి లేచాను. "నా ఉప్పు ముట్టుకున్నావంటే సెయ్యిరిసేత్తాను" అన్నాను. తను బిత్తరపోయింది. కన్ను గీటాను, అర్థం కాలేదు. మళ్ళీ గీటాను. అప్పుడు తనకి అందింది.

"ఉప్పు సంగతెందుకు? మా నాన్న పంపించిన బెల్లం దిమ్మ ఏటైందో ఈ బాబుకి సెప్పు. మా అత్త నన్ను దొంగని తిట్టింది. నీకు తెలుసు ఎవులు తిన్నారో."

తను నాటకంలోకి దిగిందనుకుని నేను ఇంకా గట్టిగా అందుకున్నాను. రెండు మూడు మాటలయ్యాక చూస్తే తన కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఆ దిమ్మ సంగతి నిజం. అప్పటికి ముప్పై ఏళ్ళయింది. మేం దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఇద్దరం కొంపలు మునిగేట్టు అరుచుకున్నాం. విచారణకొచ్చిన ఆయన గబగబా రాసుకుని, పుస్తకం మూసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆయన గేటు దాటాక నా నోట్లోంచి, "నానే తిన్నాను. అప్పుడు నాకు మూడో నెల. ఎవులికీ సెప్పలేదు. ఆశపడ్డాను" అని వచ్చేసింది. ఆ కడుపు నిలవలేదు. అది సత్యవతికి తెలుసు గాని, బెల్లం తిన్నది ఆ నెలల్లోనని తెలియదు. తను కొంగుతో ముక్కు తుడుచుకుని, "సెప్పుంటే ఇంకో దిమ్మ తెప్పిద్దును గదే అప్పా" అంది. ఇది రిపోర్టులో లేదు. ఆయన తిట్టుకున్నంత వరకే విన్నాడు.

ఆ రెండో పొయ్యి మీద మేం ఒక్కనాడూ వండలేదు. కోడిపెట్ట అందులో గుడ్లు పెట్టుకునేది.

కంప్యూటరు అమ్మాయి మంచిది. వీఆర్వో గారు వచ్చి మళ్ళీ విచారణ చేస్తారని, ఇద్దరూ ఒకే కుటుంబమని ఇరుగుపొరుగు చేత చెప్పించుకోవాలని, నేను కూడా నా మాటల్లో వాంగ్మూలం రాసివ్వాలని చెప్పింది. నేను తిన్నగా పైడమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె చింతపండు పిక్కలు తీస్తోంది.

"ఏటి వదినా, ఆ రోజేమో ఏరని సెప్పమన్నావు, ఈరోజేమో కలిసున్నారని సెప్పమంటన్నావు. నువ్వు తిప్పినట్టల్లా తిరగడానికి నా నోరేటి గానుగెద్దా?"

"ఇల్లు పోద్దే పైడమ్మా."

"పోతే మాయింటికొచ్చీ. రోజూ తగువాడుకోడానికి నాకూ ఎవులూ లేరు." ఒక పిక్క దూరంగా విసిరింది. "అది సరేగాని, ఆ పొయ్యి దొంగపొయ్యని సెప్పేత్తే నీ పింఛను పీకీరా? ఆలోసించేవా?"

ఆలోచించాను. రెండు రోజులు అదే ఆలోచించాను. సత్యవతి నిజంగానే వేరుండేదని, ముసలితనంలో మళ్ళీ కలిశామని రాస్తే పాత అబద్ధమూ దెబ్బతినదు, ఇల్లూ దక్కవచ్చు. అలా ఒక కాగితం రాశాను కూడా. వయసు మీదపడి పంతాలు చల్లారాయనీ, తన జ్వరంలో నేను వెళ్ళి ఓదార్చాననీ, చాలా బాగా వచ్చింది. సత్యవతి కల్పించిన కోర్టు సీను కన్నా బాగుంది. చదువుకుని మురిసిపోయాను. రెండోసారి చదివేసరికి, యాభై ఏళ్ళకు పైగా నాతో కలిసి బతికిన మనిషిని అందులో ఎక్కడా కనుక్కోలేకపోయాను. ఎవరో మంచి చుట్టం ఉంది అంతే. కాగితం చింపేసి ఇంకోటి మొదలుపెట్టాను. రెండోది తయారుకావడానికి ఒక పూటంతా పట్టింది.

వీఆర్వో గారు కుర్రాడే. అరుగు మీద కూర్చుని నా వాంగ్మూలం పైకి చదివాడు. "మేము వేరు పడలేదు. రెండో పొయ్యి నేను వేసినది. దాని మీద ఏనాడూ వండలేదు. అందులో కోడి గుడ్లు పెట్టుతుంది. ఆ రోజు తిట్టుకున్నది నాటకం. సగం నుండి నిజం." అక్కడ ఆగాడు.

"సగం నుంచి నిజమేటండి?"

"అది మా ఇంటి సంగతి బాబూ. నాటకం అని ఒక్కటే రాత్తే అబద్ధమైపోద్ది."

ఆయన పెదవి బిగించాడు. నవ్వు ఆపుకోవడానికో, కోపానికో తెలియలేదు. "మామ్మగారూ, మీరు రాసింది రాసినట్టు పైకెళ్తుంది. ఆ పొయ్యి లైను తీసేసి వేరే కాయితం రాసిత్తారా? నాకేం అభ్యంతరం లేదు గాని, రేపు పైన ఎవరేనా పట్టుకుంటే?"

తియ్యనన్నాను. నాకు సత్యం మీద అంత ప్రేమ పుట్టుకొచ్చిందని అనుకోకండి. ఆ కాగితం మళ్ళీ మొదటి నుంచి రాసే ఓపిక నాకు లేదు, వేలు అప్పటికే వాచింది. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. మొదటి అబద్ధం చెప్పినప్పుడు నాకు చదవడం రాదు. ఇప్పుడు వచ్చు. నేను రాసిన అబద్ధాన్ని నేనే రోజూ చదువుకోవాల్సి వస్తుంది.

పైడమ్మ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి, ఎవరూ పిలవకుండానే సాక్ష్యం మొదలుపెట్టింది. "ఈలు ఏరైతే మాకు సుఖంగా ఉండీది బాబూ. పొద్దు లెగిత్తే సాలు, సారులో ఉప్పు కాడ తగువు, తలుపు గడియ కాడ తగువు. ఏరు కాపరమైతే ఒకరి సారు ఇంకొకరికెందుకు? ఆ తగువులు తీరిసినోళ్ళం మేం సెప్తన్నాం, రాసుకో. ఒక్క కుండ, ఒక్క మంచం, రెండు నోళ్ళు." వీధిలో మరో నలుగురు అదే చెప్పారు. ఒకావిడ మా తగవుల్లో రెండు మూడు వివరంగా చెప్పింది కూడా. అవి ఆవిడకి ఎలా తెలిశాయో అడగడానికి అది సమయం కాదు.

"ఆవిడ భర్తకి మీరేమవుతారు?" అని అడిగాడు వీఆర్వో గారు.

"వదినని. ఆయన అన్న భార్యని."

"అలా రాద్దాం. ఆ వరసకి చట్టంలో చోటుందంటారు. చాలా కిందుంది గాని, ఉంది."

తరవాత సచివాలయం గోడకి ఒక ప్రకటన అంటించారు. ఫలానా సత్యవతికి వారసురాలినని ఫలానా ఆమె అడుగుతోంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే గడువులోగా చెప్పుకోవచ్చని. మా ఇద్దరి పేర్లూ ఒకే కాగితం మీద ఉండడం, ఆ పాత కార్డు చీల్చాక, అదే మళ్ళీ మొదలు. నేను రోజూ వెళ్ళి చదివేదాన్ని. ఎవరైనా కింద పెన్నుతో ఏమైనా రాశారేమోనని భయం. రాత్రి వాన పడితే కాగితం ఊడిపోయిందేమోనని భయం. సత్యవతి పుట్టింటి వైపు నుంచి ఎవరో దూరపు తమ్ముడు బయల్దేరి వస్తున్నట్టు ఒక రోజు కలగన్నాను. నాకు తెలిసి తనకు తమ్ముళ్ళే లేరు. ఆ కలలో కూడా అతను బస్సు దిగకముందే నేను సంచీలు సర్దేశాను.

గడువు అయిపోయిన మర్నాడు పిలిచారు. కంప్యూటరు అమ్మాయి ముద్ర వేసిన కాగితం ఇచ్చి, "చదివి వినిపించమంటారా?" అంది. వెంటనే నాలుక్కరుచుకుంది, నాకు చదువొచ్చని గుర్తొచ్చి. వద్దన్నాను. బయట మెట్టు మీద కూర్చుని చదివాను. కీర్తిశేషులు సత్యవతి భర్త యొక్క అన్న భార్య, అని అంత పొడుగున నన్ను పరిచయం చేశారు. ఇల్లు నాదే. పింఛను సంగతి ఎక్కడా లేదు. ముందు ముందు వస్తుందేమో, వస్తే చూసుకుంటాను. కాగితం అడుగున ఒక వరస విడిగా ఉంది: ప్రకటనపై అభ్యంతరములు ఏవియు అందలేదు.

ఎప్పుడూ బోర్డులు పైకి చదివే నేను ఆ వరస మాత్రం లోపల్లోపలే చదువుకున్నాను. ఆ ఇంట్లో నేను నోరు తెరిస్తే సత్యవతి ముందు 'కాదప్పా' అని, నేను చెప్పబోయేదేమిటో తరవాత వినేది. ఎండగా ఉందంటే కాదు, వాన వస్తుందంటే కాదు, నాకు జ్వరమంటే కాదు, అది అరగకపోవడం. నా మాటకి అడ్డు చెప్పగల మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉండేది. ఆ గోడకి అంటించిన కాగితం ఎన్ని రోజులున్నా ఇంకెవరు వచ్చి కాదంటారు?

ఇంటికొచ్చి కాగితం బీరువాలో పెట్టాను. పొయ్యి వెలిగించి, చారుకి చింతపండు పిసికి, "ఇయ్యాల ఇంగవ ఎయ్యను" అని గట్టిగా అన్నాను. ఎవరూ కాదనలేదు. ఆ చారు బాగోలేదు.